ఫ్యాట్ బైక్‌కి కొత్త చలికాలపు టైర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిన్నెసోటాలో నవంబర్ చివరికల్లా సైకిల్‌ని గరాజ్ గోడకి తగిలించేసేవాళ్లు కొందరు, సరిగ్గా అప్పుడే కిందకి దించేవాళ్లు కొందరు. ఈ పేజీ రెండో రకంవాళ్ల కోసం. ఈగన్, ప్లిమత్, వుడ్‌బరీ, ఈడెన్ ప్రెయిరీ వైపు ఉండే మనవాళ్లలో ఫ్యాట్ బైక్ (చాలా లావు టైర్లుండే సైకిల్) కొన్నవాళ్లు టైర్లు మార్చే ముందు అడిగే ప్రశ్నలే ఇవన్నీ. జవాబులు మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల ట్రైల్స్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. కొలరాడో కొండల్లో మోకాలి లోతు స్నోలో తొక్కేవాళ్లకి ఇందులో కొన్ని వర్తించవు.

బైక్‌తో వచ్చిన టైర్లు స్నోలో జారుతున్నాయి. వెంటనే మార్చేయాలా?

ఆగండి. ముందు గాలి తగ్గించి చూడండి. షాపు నుంచి వచ్చిన ఫ్యాట్ బైక్‌లో చాలాసార్లు 15, 20 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) గాలి ఉంటుంది. తారు రోడ్డు మీద అది హాయిగానే ఉంటుంది, స్నో మీద మాత్రం టైరు రాయిలా గట్టిగా ఉంటుంది, పట్టు దొరకదు. అదే టైరులో 6 పీఎస్ఐ పెడితే వేరే బైక్ ఎక్కినట్టు ఉంటుంది. రెండు వందల డాలర్ల టైరు కొనే ముందు పాతిక, ముప్ఫై డాలర్లలో వచ్చే లో ప్రెషర్ గేజ్ కొనండి. 15 పీఎస్ఐ వరకే కొలిచేదైతే ఇంకా మంచిది. మామూలు ఫ్లోర్ పంపు మీద ఉండే గేజ్ 160 దాకా చూపిస్తుంది. దాని మీద 5కీ 8కీ మధ్య ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు.

గాలి సరిచేశాక కూడా జారుతుంటే అప్పుడు టైర్ల సంగతి మాట్లాడుకుందాం.

సరే, ఎంత గాలి పెట్టాలి?

అందరికీ ఒకే అంకె చెప్పడం కుదరదు. మీ బరువు, రిమ్ము వెడల్పు, టైరు సైజు, ఆ రోజు స్నో, అన్నీ కలిపి తేల్చే విషయం ఇది. అయినా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి: గ్రూమ్ చేసి (అంటే రోలర్ లాగి స్నోని అణిచి) గట్టిపడ్డ ట్రైల్ మీద 6 నుంచి 8, కాస్త మెత్తగా ఉంటే 4 నుంచి 5, కొత్తగా పడ్డ స్నోలో 3, అంతకన్నా కిందకి కూడా వెళ్లేవాళ్లున్నారు. ముందు చక్రంలో వెనకదాని కన్నా ఒక పీఎస్ఐ తక్కువ ఉంచడం చాలామందికి అలవాటు, ఎందుకంటే బరువంతా వెనకే పడుతుంది.

గేజ్ చూపించే అంకె కన్నా టైరు చెప్పేది నమ్మండి. బైక్ ఎక్కి కూర్చుని, పక్కన ఎవరినైనా వెనక టైరు నేలకి ఆనే చోట చూడమనండి. పక్కగోడ మీద చిన్న చిన్న ముడతలు పడుతూ, రిమ్ము మాత్రం నేలకి దూరంగా ఉంటే సరైన చోటికి వచ్చినట్టే. ముడతలే లేకపోతే గాలి ఎక్కువ. టైరు పక్కకి పొర్లి మడత పడుతుంటే మరీ తక్కువ. ఇక తొక్కుతున్నప్పుడు ఎత్తు ఎక్కుతుంటే వెనక చక్రం గిర్రున తిరుగుతోందంటే, వాల్వ్ నొక్కి ఒక్క క్షణం గాలి వదలండి. మళ్లీ ఎక్కి చూడండి. 5 పీఎస్ఐ దగ్గర అర పీఎస్ఐ అంటే పదో వంతు, ఆ తేడా కాళ్లకి తెలుస్తుంది.

గరాజ్‌లో కొలిచి పెట్టిన గాలి ట్రైల్ దగ్గరికెళ్లేసరికి తగ్గిపోతోంది. పంక్చరా?

కాదు, చలి. గాలి చల్లబడితే పీడనం తగ్గుతుందని హైస్కూల్లో చదువుకున్నదే. గేజ్ 8 చూపిస్తున్నప్పుడు టైరు లోపల అసలు పీడనం బయటి వాతావరణంతో కలిపి దాదాపు 22.7 ఉంటుంది. వెచ్చటి గరాజ్‌లో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 పెట్టి, మైనస్ 20లోకి తీసుకెళ్తే అది గేజ్ మీద 5కి పడిపోతుంది. మూడు పీఎస్ఐ! కారు టైరులో మూడు తగ్గితే పెద్దగా పట్టించుకోం. ఇక్కడ మాత్రం ఉన్నదాంట్లో మూడో వంతుకు పైనే పోయినట్టు.

అందుకే బైక్‌ని పార్కింగ్‌లో ఒక ఇరవై నిమిషాలు బయట ఉంచి, అప్పుడు కొలవండి. బూట్లు, గ్లోవ్స్ వేసుకునేసరికి ఆ టైం ఎలాగూ అయిపోతుంది. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు రెండు మూడు ఎక్కువ పెట్టుకెళ్తే మంచిది. చలిలో గాలి వదలడం ఎంత సులువో, పంపు కొట్టడం అంత నరకం.

4 అంగుళాల టైరా, 5 అంగుళాలదా?

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. "ఎలాగూ కొంటున్నాం కదా, పెద్దదే కొందాం" అనిపిస్తుంది. 4.8, 5 అంగుళాల టైర్లు పుట్టింది గ్రూమింగ్ లేని చోట్ల కోసం, అంటే స్నోమొబైల్ ఇప్పుడే వెళ్లిన దారి, గాలికి కొట్టుకొచ్చిన స్నో, అలాస్కాలో గడ్డకట్టిన నదులు. అక్కడ టైరు ఎంత వెడల్పుంటే అంత తేలుతుంది. ఇంటర్నేషనల్ ఫాల్స్ దగ్గర జనవరి చివర్లో మొదలయ్యే యారోహెడ్ 135 లాంటి రేసుల్లో, 135 మైళ్లు స్నోమొబైల్ దారి మీద తొక్కేవాళ్లు వెడల్పు టైర్లు ఎంచుకోవడానికి కారణం అదే.

మన దగ్గర సంగతి వేరు. లెబనాన్ హిల్స్, థియొడోర్ వర్త్, మర్ఫీ హాన్రెహాన్ లాంటి చోట్ల వలంటీర్లు రోలర్లు లాగి ట్రైల్ గట్టిపరుస్తారు. వారం తిరిగేసరికి అది సిమెంటులా తయారవుతుంది. మధ్యలో ఒకరోజు ఎండ కాసి కరిగి, రాత్రికి మళ్లీ గడ్డ కడితే ఐస్. అంటే మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టూ తొక్కేవాళ్లకి చలికాలంలో ఎక్కువ రోజులు ఎదురయ్యేది లోతు స్నో కాదు, గట్టి ట్రైలూ ఐసూ. దీనికి 4 నుంచి 4.5 అంగుళాల టైరు సరిపోతుంది, బరువు తక్కువ, మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. డబ్బు వెడల్పు మీద కాదు, పట్టు మీద పెట్టండి. నా సలహా అడిగితే ఇంతే.

వారాంతాల్లో ఉత్తరానికి వెళ్లి స్నోమొబైల్ దారుల్లో తొక్కే అలవాటు ఉంటే మాత్రం 4.8 కొనండి, తప్పు లేదు.

నా బైక్‌లో 4.8 పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

టైరు మీద రాసిన అంకెని పూర్తిగా నమ్మకండి. అదే టైరు 65 మిల్లీమీటర్ల రిమ్ము మీద ఒకలా, 100 మిల్లీమీటర్ల రిమ్ము మీద ఇంకోలా వెడల్పవుతుంది. వెనక చెయిన్‌స్టేల, అంటే వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే ఫ్రేము గొట్టాల, మధ్య ఖాళీ కొలవండి. టైరుకి అటూ ఇటూ కనీసం ఆరు మిల్లీమీటర్లు మిగలాలి, ఎందుకంటే స్నో అతుక్కుంటుంది, పైగా గాలి తక్కువున్నప్పుడు టైరు పక్కకి ఊగుతుంది. చెయిన్ అన్నిటికన్నా తేలిక గేర్‌లో ఉన్నప్పుడు టైరుకి తగులుతుందేమో కూడా చూడండి. పాత బైక్‌ల్లో ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే. వెనక 4.8 పట్టని బైక్‌లో ముందు పట్టవచ్చు, ఫోర్క్‌లో ఖాళీ ఎక్కువుంటుంది కాబట్టి.

26 అంగుళాల చక్రమా, 27.5దా?

మీ బైక్ ఏదైతే అదే. టైర్ల కోసం చక్రాలు మార్చకండి. 26 మీద ఫ్యాట్ టైరు ఎక్కిస్తే మొత్తం ఎత్తు మామూలు 29 అంగుళాల మౌంటెన్ బైక్ చక్రానికి దగ్గరగా ఉంటుంది. 27.5 ఇంకా పెద్దది, గుంతల మీద నుంచి తేలిగ్గా దొర్లుతుంది. పాత మోడల్ టైర్లు, సెకండ్ హ్యాండ్ టైర్లు మాత్రం 26లోనే ఎక్కువ దొరుకుతాయి.

మేకుల టైర్లు, అదే స్టడ్స్ ఉన్నవి, నిజంగా అవసరమా?

ఇక్కడ తొక్కేవాళ్లకి, ముఖ్యంగా ముందు చక్రానికి, నా ఉద్దేశంలో అవసరమే. స్నోలో వెడల్పు పనిచేస్తుంది, టైరు మీది బొడిపెలు పనిచేస్తాయి. ఐస్ మీద ఆ రెండూ చేతులెత్తేస్తాయి. ఎంత మెత్తటి రబ్బరైనా, ఎంత తక్కువ గాలైనా, తడి ఐస్ మీద జారాల్సిందే. అక్కడ పట్టేది ఒక్క లోహమే. స్టడ్ అంటే చిన్న అల్యూమినియం పీపా లాంటిది, దాని మొనలో టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క ఉంటుంది. ఆ ముక్క ఐస్‌లోకి దిగుతుంది. కార్బైడ్ కాకుండా మామూలు ఉక్కు మొన ఉన్నవి తారు మీద త్వరగా అరిగిపోతాయి, వాటి జోలికి వెళ్లకండి.

కొత్తగా పడ్డ స్నోలో స్టడ్స్‌తో లాభం ఏమీ లేదు, కొంచెం బరువు మోస్తారంతే. కానీ ట్రైల్ మొత్తం బాగుండి, చెట్ల నీడలో వంపు తిరిగే చోట రెండు గజాల ఐస్ ఉందనుకోండి. పైన పలుచటి స్నో కప్పేసి ఉంటుంది, కనపడదు. తుంటి ఎముక విరిగేది సరిగ్గా ఇలాంటి చోటే. నలభై దాటినవాళ్లు, సోమవారం ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోండి.

బడ్జెట్ ఒక్క స్టడెడ్ టైరుకే సరిపోతుంది. ముందు వేయాలా, వెనకా?

ముందు. వెనక చక్రం జారితే బైక్ తోక ఊపుతుంది, కాలు కింద పెట్టి ఆపుకోవచ్చు. ముందు చక్రం జారితే మీకు తెలిసేలోపే నేల మీద ఉంటారు.

స్టడెడ్ టైరు కొనగానే ట్రైల్ మీదికి వెళ్లొచ్చా?

ముందు కొన్ని మైళ్లు తారు రోడ్డు మీద నెమ్మదిగా తొక్కండి, కాస్త ఎక్కువ గాలితో. గట్టిగా బ్రేకులు వేయొద్దు, లేచి నిలబడి ఊపుగా తొక్కొద్దు. స్టడ్లు రబ్బరులో తమ చోటులో కుదురుకోవడానికి ఇది. ఎంత దూరం అనేది కంపెనీ డబ్బా మీదో కాగితం మీదో రాసి ఉంటుంది. ఇలా చేయకుండా మొదటిరోజే రాళ్ల మీదికి తీసుకెళ్తే కొన్ని ఊడిపోతాయి. ఊడినవాటిని మళ్లీ పెట్టుకోవచ్చు, చిన్న పనిముట్టు అమ్ముతారు, కానీ విసుగు పని. రోడ్డు మీద వచ్చే చప్పుడు విని కంగారు పడకండి, పొయ్యి మీద పేలాలు వేయించినట్టు టపటపమంటూనే ఉంటుంది.

ఏ టైరు కొనాలి? పేర్లు చెప్పండి.

ఫ్యాట్ టైర్ల విషయంలో మనం అదృష్టవంతులం, సగం పేర్లు మన ఊళ్లోనే పుట్టాయి. సర్లీ, ఫార్టీఫైవ్ నార్త్ రెండూ బ్లూమింగ్టన్‌లో ఉన్న క్వాలిటీ బైసికిల్ ప్రాడక్ట్స్ బ్రాండ్లు.

స్టడ్స్ కావాలంటే ఫార్టీఫైవ్ నార్త్ డిలింజర్ 4, డిలింజర్ 5 పేర్లు ఇక్కడ అందరి నోటా వినపడతాయి. దొర్లడం తేలిక, స్టడ్స్ మంచివి. ఇంకా మొండి పట్టు కావాలంటే అదే కంపెనీ రాత్‌చైల్డ్ ఉంది, పెద్ద బొడిపెలు, బరువూ అంతే. టెరీన్ కేక్ ఈటర్ మధ్యరకం, స్టడ్స్‌తోనూ దొరుకుతుంది, స్టడ్లు పెట్టుకునే గుంతలు మాత్రం ఉండి స్టడ్స్ లేకుండానూ దొరుకుతుంది. ఈ రెండో పద్ధతి నాకు నచ్చుతుంది. ఈ ఏడాది ఖాళీగా తొక్కి, వచ్చే ఏడాది ముందు టైరుకి స్టడ్లు కొని మీరే గుచ్చుకోవచ్చు. బాంట్రేగర్ నార్వాల్ కూడా ఇలాంటిదే.

లోతు స్నోకి సర్లీ బడ్, లూ జత పాత కాపులు. బడ్ ముందుకి, లూ వెనక్కి అని వేర్వేరుగా తయారుచేశారు: ముందు టైరు పని మలుపులో పట్టుకోవడం, వెనకదాని పని తవ్వుకుంటూ తోయడం. గట్టి ట్రైల్ మీద ఈ జతతో తొక్కితే కాళ్లు లాగేస్తాయి.

వేగమే ముఖ్యమనుకుంటే ష్వాల్బే జంబో జిమ్. బొడిపెలు చిన్నవి, తేలిక. గట్టి స్నో మీద గాల్లో తేలినట్టు ఉంటుంది, కాస్త మెత్తబడితే చాలు పట్టు తప్పుతుంది. వేసవిలో కూడా అదే బైక్ తొక్కేవాళ్లకి మ్యాక్సిస్ మినియన్ ఎఫ్‌బీఎఫ్, ఎఫ్‌బీఆర్ బాగుంటాయి, మట్టిలో వీటి పట్టు చూడాలి.

మీ షాపువాళ్లు ఏది వాడుతున్నారో కూడా అడగండి. అమ్మకానికి పెట్టినవి కాదు, వాళ్ల సొంత బైక్‌లకి వేసుకున్నవి.

60 టీపీఐ, 120 టీపీఐ అంటే ఏమిటి?

టైరు లోపలి గుడ్డలో అంగుళానికి ఎన్ని దారాలు అని. 120 అంటే సన్నటి దారాలు, టైరు మెత్తగా వంగుతుంది. చలిలో రబ్బరు బిర్రబిగుసుకుపోతుంది కాబట్టి ఈ మెత్తదనం బాగా పనికొస్తుంది. 60 చవక, మొండిది, బరువు. మైనస్ 20లో 60 టీపీఐ టైరు తొక్కుతుంటే బ్రేకు పట్టేసిందేమో అన్న అనుమానం వస్తుంది. డబ్బు ఉంటే 120.

ట్యూబ్‌లెస్ చేయించుకోవాలా? సీలెంట్ గడ్డకట్టదా?

చేయించుకోండి. ట్యూబ్‌లెస్ అంటే లోపల ట్యూబు లేకుండా, చిన్న చిల్లుల్ని మూసే ద్రవం, అదే సీలెంట్, పోసి నడపడం. ఒక్కో ఫ్యాట్ ట్యూబు అర కిలోకి దగ్గరగా తూగుతుంది, రెండు తీసేస్తే బైక్ తేలికవడం చేతికే తెలుస్తుంది. పైగా తక్కువ గాలిలో ట్యూబు లేని టైరు బాగా మెత్తగా నడుస్తుంది. సీలెంట్‌లో గడ్డకట్టకుండా ఉండే రసాయనాలు కలుపుతారు, డబ్బా మీద ఎంత చలి వరకు పనిచేస్తుందో రాసి ఉంటుంది, చూసి కొనండి. ఆరెంజ్ సీల్ సబ్‌జీరో లాంటివి చలి కోసమే వచ్చాయి. ఫ్యాట్ టైరుకి 120 నుంచి 180 మిల్లీలీటర్లు పడుతుంది, మామూలు టైరుకి పోసినంత పోస్తే చాలదు. రెండు మూడు నెలలకోసారి ఎండిపోయిందేమో చూసుకోండి. ఇళ్లలో హీటర్ వల్ల గాలి పొడిగా ఉంటుంది, అనుకున్నదానికన్నా ముందే ఎండుతుంది.

ఇంట్లోనే ఎక్కించుకోవచ్చా?

ఎక్కించుకోవచ్చు, కాకపోతే మామూలు టైరు అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. టైరు డబ్బాలో మడతపెట్టి వస్తుంది. రెండు రోజులు ముందే విప్పి, వెచ్చటి గదిలో ట్యూబు వేసి గాలి పెట్టి వదిలేయండి. మడతలు పోయి గుండ్రంగా తిరుగుతుంది.

తర్వాత ఒకవైపు అంచు రిమ్ములో కూర్చున్నది అలాగే ఉంచి, రెండోవైపు మాత్రం తప్పించి ట్యూబు లాగేయండి. ఇక కూర్చోబెట్టాల్సింది ఒక్కవైపే. అంచుల చుట్టూ సబ్బు నీళ్లు రాయండి. వాల్వ్ కోర్ (వాల్వ్ లోపలి చిన్న భాగం) తీసేసి కంప్రెసర్‌తో ఒక్కసారిగా గాలి కొట్టండి. టప్, టప్ అని రెండు మూడు చప్పుళ్లు వస్తాయి, గుండె ఝల్లుమంటుంది కానీ అదే మంచి శకునం. అంచు పక్కన సన్నటి గీత ఒకటి ఉంటుంది, అది రిమ్ముకి చుట్టూ సమానంగా కనపడాలి. ఒకచోట లోపలికి మునిగి ఉంటే అక్కడ ఇంకా కూర్చోలేదు. టైరు మీద రాసిన గరిష్ట గాలిని మాత్రం దాటొద్దు. ఫ్యాట్ టైర్లలో అది 20, 30 మధ్యే ఉంటుంది, కంప్రెసర్‌కి అది రెప్పపాటు పని.

టైరు ఎటు తిరగాలో చూపించే బాణం గుర్తు చూశారా? ఎక్కించాక తిరగేసి ఉందని గమనిస్తే, సీలెంట్ అంతా నేల పాలు.

కొత్త టైర్లు నిజంగా బాగున్నాయో, డబ్బు పెట్టాం కాబట్టి బాగున్నట్టు అనిపిస్తోందో ఎలా తెలుస్తుంది?

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. స్నో రోజుకో రకంగా ఉంటుంది. శనివారం పాత టైర్లతో మెత్తటి ట్రైల్‌లో ఈడ్చుకుంటూ తొక్కి, తర్వాతి శనివారం కొత్త టైర్లతో గట్టి ట్రైల్‌లో ఎగురుకుంటూ తొక్కి, టైర్లు అద్భుతం అని చెప్పేవాళ్లే ఎక్కువ. మారింది ట్రైలు. ఒకేరోజు పొద్దున్నకీ మధ్యాహ్నానికీ కూడా తేడా ఉంటుంది. బాగా చలిగా ఉన్న జనవరి ఉదయం స్నో పొడిపొడిగా బొంబాయి రవ్వలా ఉంటుంది, ఎంత తొక్కినా అతుక్కోదు. ఎండెక్కితే అదే చోట జిగురుగా పట్టు దొరుకుతుంది.

కాబట్టి ఒకటే మార్చండి. మొదట ముందు టైరు మాత్రమే, వెనకది పాతదే. ఒక చిన్న లూపు ఎంచుకోండి, అరగంటలో తిరిగొచ్చేది. లెబనాన్ హిల్స్‌లో ఇలాంటివి దొరుకుతాయి. గాలి బయటి చలిలోనే కొలిచి పెట్టండి. ఒకే రోజు, రెండు మూడు గంటల తేడాలో, వీలైతే రెండో చక్రం తెచ్చుకుని అక్కడే మార్చి తొక్కండి. స్నేహితుడి బైక్‌కి కొత్త టైర్లు, మీదానికి పాతవి ఉంటే లూపు మధ్యలో బైక్‌లు మార్చుకోవడం ఇంకా సులువు.

మూడు చోట్ల మనసు పెట్టి చూడండి. ఒకటి, పక్కకి వాలిన దారిలో టైరు కిందకి జారుతోందా, పట్టి నిలబడుతోందా. రెండు, నిటారు ఎత్తులో సీటు మీద కూర్చునే ఎక్కగలుగుతున్నారా. మూడు, దిగుతూ మలుపులో ముందు బ్రేకు కొద్దిగా నొక్కితే ఏమవుతోంది. తిన్నగా ఉన్న దారిలో ఏ టైరైనా బాగానే ఉంటుంది, అక్కడ తీర్పు ఇవ్వకండి.

ఇంకో విషయం, అచ్చులోంచి వచ్చిన కొత్త రబ్బరు మీద నున్నటి పొర ఉంటుంది. మొదటి గంట రెండు గంటలు కాస్త జారినట్టు అనిపించినా టైరుని తిట్టకండి.

గాలి తగ్గిస్తే హ్యాండిల్ తనంతట తనే ఒక పక్కకి లాగుతోంది. లోపమా?

ఫ్యాట్ బైక్‌కే ఉండే రోగం ఇది. ముందు టైరు బాగా మెత్తబడితే నేలకి ఆనే భాగం వెడల్పయి, మలుపు మొదలవగానే అది చక్రాన్ని ఇంకా లోపలికి లాగుతుంది. కొన్ని టైర్లలో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. ముందు చక్రంలో అర పీఎస్ఐ పెంచి చూడండి. అరిగిన ముందు టైరులో ఈ లాగుడు ఎక్కువవుతుంది, కొత్తది వేయగానే పోతే కారణం దొరికినట్టే. ఏం చేసినా పోకపోతే ఆ టైరు వెనక్కి వేసేయండి. వెనక ఈ బాధ ఉండదు.

ట్రైల్ మీద పాటించాల్సిన నియమాలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అవి టైరుకి సంబంధించినవే. గ్రూమ్ చేసిన ట్రైల్స్ దగ్గర బోర్డు మీద కనీస వెడల్పు రాసి ఉంటే చూసుకోండి. మామూలుగా 3.8 అంగుళాలు, ఆపైన, గాలి 10 పీఎస్ఐ లోపు ఉండాలంటారు. అంతకన్నా ముఖ్యమైనది: ఒకసారి వెనక్కి తిరిగి మీ టైరు గాడి చూడండి. లోతు అంగుళం దాటిందంటే ఆ రోజు ట్రైల్ మెత్తగా ఉంది, ఇంటికెళ్లిపోండి. ఆ గాడి రాత్రికి గడ్డకట్టి వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. వలంటీర్లు చలిలో గంటల తరబడి చేసిన పని అంతా పోతుంది. మిన్నెసోటా ఆఫ్ రోడ్ సైక్లిస్ట్స్ వాళ్లు ట్రైల్ పరిస్థితి ఆన్‌లైన్‌లో పెడతారు, బయల్దేరే ముందు చూసుకోండి.

స్కీయింగ్ కోసం గ్రూమ్ చేసిన దారిలోకి, అనుమతి అని రాసి ఉంటే తప్ప, వెళ్లొద్దు.

గడ్డకట్టిన చెరువు మీద తొక్కొచ్చా?

స్టడ్స్ ఉంటే టైరుకి ఇబ్బంది లేదు. సమస్య కింద నీళ్లతో. మనిషి నడవడానికే కొత్తగా గడ్డకట్టిన, గాజులా ఉన్న ఐస్ కనీసం నాలుగు అంగుళాలు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లగా, స్నో కలిసిన ఐస్ దానికన్నా చాలా బలహీనం. వాగు కలిసే చోట, వంతెన కింద పలుచగా ఉంటుంది. బ్లూమింగ్టన్ దగ్గర రివర్ బాటమ్స్‌లో తొక్కేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, అక్కడ గ్రూమింగ్ చేసేవాళ్లూ ఉండరు, బోర్డు పెట్టేవాళ్లూ ఉండరు. మీరు కొలవని ఐస్ మీదికి మీరు వెళ్లకండి.

ట్రైల్ మధ్యలో గాలి పోతే?

ఒక ట్యూబు, రెండు టైర్ లివర్లు, ఎక్కువ గాలి తోసే రకం చేతి పంపు. రోడ్డు బైక్ పంపు తెస్తే చీకటి పడేదాకా కొడుతూనే ఉంటారు. చిన్న సీఓ2 డబ్బాలతో ఇంత పెద్ద టైరు నిండదు. ట్యూబు, సీలెంట్ సీసా ఉంటే అదీ, జాకెట్ లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. ఫోన్ కూడా అక్కడే.

ఇండియాలో కొన్న ఫ్యాట్ టైర్ సైకిల్ ఉంది. ఆ టైర్లు ఇక్కడ పనికొస్తాయా?

హైదరాబాద్, విజయవాడ షాపుల్లో పిల్లలు ముచ్చటపడి కొనిపించుకునే ఫ్యాట్ సైకిళ్లకి చాలావాటికి 26 బై 4 టైర్లే ఉంటాయి, సైజు కలుస్తుంది. కానీ ఆ రబ్బరు వేడి రోడ్డు కోసం, పక్కగోడలు దళసరి. చలిలో వంగవు. సామానులో మోసుకురావద్దు.

ఒక్క టైరుకి రెండొందల డాలర్లా? ఇంట్లో ఎలా చెప్పను?

స్టడ్స్ లేనివి వంద నుంచి నూటయాభై మధ్య, స్టడ్స్ ఉన్నవి రెండొందలకి అటూ ఇటూ, కొన్ని ఇంకా పైన. మార్చి, ఏప్రిల్‌లో షాపులు తగ్గించి అమ్ముతాయి, ఓపిక ఉంటే అప్పుడు కొని దాచుకోండి. ఊళ్లో నాన్నగారికి వీడియో కాల్‌లో చూపిస్తే "ట్రాక్టర్‌దా?" అంటారు, అది వేరే సంగతి. ఇంట్లో చెప్పడానికి నాకు తెలిసిన ఒకే మార్గం: అత్యవసర విభాగం బిల్లు ఎంత వస్తుందో పక్కన పెట్టి చూపించడం.

అసలు ఇంత లావు టైర్లు ఎవరు కనిపెట్టారు?

ఒక్కరు కాదు. అలాస్కాలో 1987లో ఇడిటాబైక్ అనే రేసు మొదలైంది, కుక్కబండ్ల ఇడిటరాడ్ దారిలో సైకిళ్లు. స్నోలో దిగబడిపోతుంటే కొందరు రెండు రిమ్ములు కలిపి వెల్డింగ్ చేసుకున్నారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో సైమన్ రాకోవర్ 44 మిల్లీమీటర్ల స్నోక్యాట్ రిమ్ములు తయారుచేశాడు. అటు న్యూ మెక్సికోలో రే మోలినా ఇసుక కోసం ఇంకా వెడల్పు రిమ్ములూ టైర్లూ చేశాడు. అలాస్కాలో మార్క్ గ్రోన్‌వాల్డ్ అలాంటి వెడల్పు చక్రాలు పట్టే బైక్‌లు కట్టాడు. 2005లో సర్లీ పగ్స్‌లీ, దాంతోపాటు 3.7 అంగుళాల ఎండోమార్ఫ్ టైరు వచ్చాక మామూలు షాపులో ఎవరైనా వెళ్లి కొనుక్కునే రోజులు వచ్చాయి.

వేసవి వస్తే ఈ టైర్లు ఏం చేయాలి?

స్టడెడ్ టైర్లయితే ఏప్రిల్‌లో తీసేయండి, తారు మీద అరగదీయడం దండగ. రోడ్ల మీద చల్లిన ఉప్పు పోయేలా కడిగి, ఆరబెట్టి, లోపల ఎండిన సీలెంట్ తొక్కలా వస్తుంది, వేళ్లతో లాగేయండి. ఎండ తగలని చోట వేలాడదీయండి, మడత పెట్టొద్దు. తీసేటప్పుడు ఏది ముందుదో, ఏది వెనకదో సుద్దముక్కతో రాసి పెట్టుకోండి. స్టడ్లు ఇంకా బయటికి పొడుచుకుని ఉంటే మరో చలికాలం వస్తాయి. మొనలు రబ్బరుతో సమానమైపోతే స్టడ్లు మాత్రమే మార్చుకోవచ్చు, టైరు పారేయక్కర్లేదు.